వీడియో కాల్‌లో డప్పు క్లాస్: ఎడమ చేతి దెబ్బను ఫోన్ ఎందుకు మింగేస్తోంది?

"అల్లుడా, నీ ఎడమ చెయ్యి ఆడుతలేదు."

వరుసగా మూడు ఆదివారాలు ఇదే మాట విన్నా. నేను మాదాపూర్‌లో ఒక రూమ్‌లో, మామ కరీంనగర్ దగ్గర మానకొండూరు వైపు తన ఇంటి వాకిట్లో. మధ్యలో రెండు ఫోన్లు, ఒక వీడియో కాల్. ఎడమ చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆడిస్తున్నా, ఆయనకి మాత్రం వినబడట్లేదు. నాలుగో వారం నేరుగా ఊరికి పోయి ఆయన ముందు కూర్చుని వాయించా. ఆయన కాసేపు విని, "గిదేందిరా, బాగనే కొడ్తున్నవ్ గదా" అన్నారు.

అంటే తప్పు నా చేతిది కాదు, ఫోన్‌ది.

ఇంతటితో అయిపోతే ఈ ఆర్టికల్ రాసేవాడిని కాదు. అసలు సమస్య ఏంటంటే, ఆ కాల్స్‌నే స్క్రీన్ రికార్డ్ చేసి, "డప్పు పాఠం 1, 2, 3" అని పేర్లు పెట్టి యూట్యూబ్‌లో ఎక్కించింది నేనే. మామ ఊళ్లో పోరగాళ్లు, జన్నారం వైపు ఒక పిల్లాడు వాటిని చూసే నేర్చుకున్నారు. ఆ పిల్లాడు ఒక పెళ్లికి మేళంలో కలుస్తానని వస్తే, నాలుగు దెబ్బలు విని మామ వెనక్కి పంపించేశారు. "వీనికి కుడి చెయ్యే ఉన్నది" అన్నారట. పాపం, ఆ పిల్లాడు వీడియోలో ఏం వినబడిందో అదే నేర్చుకున్నాడు.

కాబట్టి ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. మన జేబులో ఉన్న ఫోనే డప్పు, ఒగ్గు డోలు, తుడుం లాంటి వాయిద్యాలను ఎలా పాడు చేస్తుందో, దాన్ని ఎలా ఆపాలో చూద్దాం. డ్రమ్ కిట్, తబలా నేర్చుకునేవాళ్లకి కూడా దాదాపు ఇదే లెక్క.

ముందు డప్పు గురించి నాలుగు మాటలు

తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద బిగించిన మేక తోలు. వాయించడానికి రెండు పుల్లలు. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమ చేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. సిర్రతో కొడితే గుండెకి తగిలే దెబ్బ వస్తుంది. సిటికెన పుల్లతో "టిక్, టిక్" మని సన్నటి దెబ్బ. ఊరేగింపులో దూరం నుంచి వినేవాళ్లకి సిర్ర దెబ్బే వినబడుతుంది కానీ, దరువు నడిచేది రెండో దాని మీదే. సిర్ర దెబ్బల మధ్య ఖాళీని ఎలా నింపుతున్నారన్న దాంట్లోనే పెళ్లి దరువుకి, చావు దరువుకి, పీర్ల పండుగ దరువుకి తేడా తెలుస్తుంది. ఆ ఖాళీ పోతే అన్నీ ఒక్కలాగే వినబడతాయి. మామకి కోపం వచ్చింది అందుకే. పెళ్లి ముందు చావు డప్పు లాంటిది మోగితే ఎవరూరుకుంటారు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తరతరాలుగా ఈ డప్పును మాదిగ కుటుంబాలు మోశాయి. ఊరికి అవసరమైనప్పుడు పిలిచి, పని అయ్యాక దూరం పెట్టిన చరిత్ర దీనికి ఉంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు ముందు వరసలోకి వచ్చింది. ఇప్పుడు నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా నేర్పమని అడుగుతున్నారు. మొదటిసారి అడిగినప్పుడు మామ నవ్వి, "కొట్టుమన్నోళ్లే గానీ నేర్పుమన్నోడు ఒక్కడు రాలె" అన్నారు. అలాంటి మనిషి పాఠాన్ని సగం చేసి ఇంటర్నెట్‌లో పెట్టానంటే నాకు సిగ్గుగానే ఉంది.

ఫోన్ లోపల ఏం జరుగుతోంది?

వీడియో కాల్ యాప్‌కి తెలిసిన పని ఒక్కటే: మనిషి మాటను స్పష్టంగా అవతలికి చేర్చడం. మిగతాదంతా దాని దృష్టిలో చెత్త. ఫ్యాన్ సౌండ్, కుక్క అరుపు, కీబోర్డ్ టకటక, తలుపు కొట్టిన చప్పుడు, అన్నీ తీసేయాలి. మరి సిటికెన పుల్ల దెబ్బ ఎలా ఉంటుంది? టక్కుమని మొదలై, మిల్లీసెకన్లలో చచ్చిపోయే చిన్న చప్పుడు. నాయిస్ సప్రెషన్‌కి అది కీబోర్డ్ టకటక లాగే కనబడుతుంది. తీసేస్తుంది. దాని పని అది కరెక్ట్‌గానే చేస్తోంది, మనమే తప్పు పనికి వాడుతున్నాం.

రెండోది ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. మీరు దూరంగా మాట్లాడితే వాల్యూమ్ పెంచి, దగ్గరకొచ్చి అరిస్తే తగ్గించే ఏర్పాటు. సిర్ర దెబ్బ పడగానే అది బెదిరిపోయి మైక్ లెవెల్‌ని కిందికి లాగేస్తుంది. లాగడం వెంటనే జరుగుతుంది, మళ్లీ పైకి తేవడం మాత్రం నిదానంగా. ఈ లోపు సిటికెన పుల్ల దెబ్బ వచ్చి పోయింది. లెవెల్ పైకి వచ్చేసరికి ఇంకో సిర్ర దెబ్బ. అంటే ఎడమ చెయ్యి ఎప్పుడూ కుడి చేతి నీడలోనే ఉంటుంది. మీరు ఎంత గట్టిగా వాయిస్తే అంత నష్టం. "వినబడ్తలేదు, ఇంకా గట్టిగ కొట్టు" అని మామ అన్న ప్రతిసారీ నేను రెండు చేతులూ గట్టిగా కొట్టి ఇంకా పాడు చేశానన్నమాట.

మూడోది కోడెక్. చాలా కాల్ యాప్‌లు ఓపస్ అనే కోడెక్ వాడతాయి. మంచి కోడెక్కే, 20 కిలోహెర్ట్జ్ దాకా పంపగలదు. కానీ నెట్ బలహీనంగా ఉంటే 8, ఇంకా తగ్గితే 4 కిలోహెర్ట్జ్‌కి పడిపోగలదు. మాట అర్థం కావడానికి అది చాలు. పుల్ల దెబ్బలోని పదును మాత్రం ఆ పైన ఉంటుంది. పైగా శబ్దాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. దారిలో ఒక ముక్క తప్పిపోతే, ముందు ముక్కను చూసి ఊహించి నింపుతుంది. "ఆ...." అని సాగదీసే అచ్చుకి ఆ ఊహ బాగా పని చేస్తుంది. డప్పు దెబ్బకి? మొత్తం దెబ్బ మొదలే ఆ 20 మిల్లీసెకన్లలో ఉంటుంది. ముక్క పోతే దెబ్బ పోయినట్టే. ముందున్నది నిశ్శబ్దం అయితే ఊహించేది కూడా నిశ్శబ్దమే.

నాలుగోది ఎకో క్యాన్సిలేషన్. ఇద్దరూ ఒకేసారి వాయిస్తే, స్పీకర్‌లోంచి వచ్చే గురువు డప్పు తిరిగి మైక్‌లోకి పోకుండా ఆపాలని చూసి, మీ డప్పును కూడా కలిపి నొక్కేస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. ఇంత చిన్న విషయం నాకు రెండు నెలలు తట్టలేదు.

ఇంట్లోనే టెస్ట్ చేసుకోండి

నా మాట నమ్మక్కర్లేదు. సిర్రతో నాలుగు దెబ్బలు, పుల్లతో నాలుగు, తర్వాత మార్చి మార్చి ఎనిమిది వాయించండి. అదే వాయింపును ఒక ఫోన్‌లో మామూలు వాయిస్ రికార్డర్‌తో, ఇంకో ఫోన్‌లో కాల్‌కి అవతలి వైపు రికార్డ్ చేయండి. రెండు ఫైళ్లను కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. చెవికి డౌటు ఉన్నా కంటికి ఉండదు. నా దాంట్లో రికార్డర్ ఫైల్‌లో పెద్ద గీత, చిన్న గీత, పెద్ద గీత, చిన్న గీత. కాల్ ఫైల్‌లో పెద్ద గీతలు, మధ్యలో బోడి నేల. పుల్ల ఒక్కటే వాయించిన నాలుగు దెబ్బల్లో మొదటిది కొంచెం కనబడింది, తర్వాతవి యాప్ "ఓహో ఇది నాయిస్" అని తేల్చేసుకున్నాక మాయం.

ఆ స్క్రీన్‌షాట్ మామకి పంపిస్తే, "ఇదేందిరా ఈసీజీ లెక్కున్నది" అన్నారు. వివరించాక మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆ జన్నారం పోరన్ని ఉత్తగనే ఎల్లగొట్టిన్నా?"

ఏ సెట్టింగ్ మార్చాలి?

లైవ్ క్లాస్‌కి అయితే, సంగీతం కోసం ప్రత్యేకంగా మోడ్ ఉన్న యాప్ వాడండి. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు, మీటింగ్‌లోకి వెళ్లాక స్క్రీన్ మీద కనబడే అదే పేరు బటన్‌ని కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కంప్యూటర్ వెర్షన్‌లో హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ కూడా ఉంటుంది. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎకో క్యాన్సిలేషన్ ఆపేయొచ్చు. గూగుల్ మీట్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆప్షన్ మీ అకౌంట్‌లో కనబడితే ఆఫ్ చేయండి. ఐఫోన్ వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది: కాల్ నడుస్తుండగా కంట్రోల్ సెంటర్ లాగి, మైక్ మోడ్‌లో "వైడ్ స్పెక్ట్రమ్" ఎంచుకోవచ్చు. "వాయిస్ ఐసొలేషన్" మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, డప్పు క్లాసుకి అది విషం.

పాఠం రికార్డ్ చేసి పెట్టేవాళ్లు కాల్‌ని స్క్రీన్ రికార్డ్ చేయొద్దు. నేను చేసిన తప్పు ఇదే. గురువు వైపు ఫోన్‌లో నేరుగా కెమెరాతో తీయాలి. ఆండ్రాయిడ్ 7.0 నుంచి, ఫోన్ సపోర్ట్ చేస్తే, ఏ ప్రాసెసింగ్ లేని మైక్ శబ్దాన్ని యాప్‌లు అడగొచ్చు. ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో వీడియో సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్ మార్చుకునే ఏర్పాటు ఉంది, అక్కడ "అన్‌ప్రాసెస్డ్" పెట్టి చూడండి. కొన్ని ఫోన్ల ప్రో వీడియో మోడ్‌లో మైక్ లెవెల్ స్లైడర్ ఉంటుంది. సిర్ర దెబ్బ పడ్డప్పుడు మీటర్ ఎర్ర గీత తాకకుండా తగ్గించుకోండి. వినడానికి చిన్నగా ఉన్నా ఫర్వాలేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిపోయిన శబ్దాన్ని మాత్రం ఎవడూ అతికించలేడు.

ఫోన్ ఎక్కడ పెట్టాలి? డప్పుకి అడుగు దూరంలో పెడితే పగులుతుంది. గదిలో మూల పెడితే గోడల మోత ఎక్కువై పుల్ల దెబ్బ మళ్లీ మునుగుతుంది. మాకు బాగా కుదిరింది బయట వాకిట్లో, రెండు మూడు మీటర్ల దూరంలో, గాలి నేరుగా మైక్ మీదికి రాకుండా. కాలర్ మైక్ కొనాలా అని అడుగుతారు. మాట్లాడటానికి కొనండి, డప్పుకి వద్దు. ఛాతీ మీద పెట్టుకుంటే మైక్ వెళ్లి సరిగ్గా డప్పు పక్కనే కూర్చుంటుంది. ఆ డబ్బులతో ముందు గట్టి ట్రైపాడ్ కొనుక్కోండి. మేం మొదట్లో ఫోన్‌ని వడ్ల బస్తాకి ఆనించాం, ప్రతి పది నిమిషాలకి ఒకసారి అది ఆకాశాన్ని చూపించేది.

చెయ్యి కనబడాలి కదా

శబ్దం తర్వాత చూపు. మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేమ్‌లు. అంటే ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మధ్య 33 మిల్లీసెకన్లు. పుల్ల కొస సెకనుకి 5 మీటర్ల వేగంతో కదులుతుందనుకుంటే, ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి 16 సెంటీమీటర్లు దాటేస్తుంది. మీకు పైన ఉన్న పుల్ల కనబడుతుంది, కింద ఉన్న పుల్ల కనబడుతుంది, మధ్యలో మణికట్టు ఏం చేసిందో కనబడదు. నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ మధ్యలో జరిగేదే. 240 ఫ్రేమ్‌ల స్లో మోషన్‌లో తీస్తే అదే కదలిక ఫ్రేమ్‌కి 2 సెంటీమీటర్లకి వస్తుంది. అయితే స్లో మోషన్ క్లిప్‌లో శబ్దం సాగిపోయి గానీ, అసలు లేకుండా గానీ రావచ్చు. అందుకే ప్రతి దరువుకి రెండు క్లిప్‌లు తీయండి. ఒకటి మామూలుది, చెవికి. ఒకటి స్లోది, కంటికి.

రాత్రి ఇంట్లో లైట్ కింద తీస్తే ఇంకో తిప్పలు. వెలుతురు చాలక ఫోన్ షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, పుల్ల విసనకర్రలా కనబడుతుంది. సరే అని షట్టర్ వేగం బాగా పెంచితే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, ఆ మినుకులు వీడియోలో నల్ల చారల్లా పడతాయి. లైట్ కింద అయితే 1/100 దగ్గర ఆగండి. పగటి వెలుతురులో 1/500 పెట్టుకోండి, పుల్ల గీసినట్టు కనబడుతుంది. చాలాసార్లు ఖరీదైన ఫోన్ కంటే పొద్దున ఎండే మంచి కెమెరా.

సెల్ఫీ కెమెరా విషయం మర్చిపోవద్దు. చాలా యాప్‌లు మీ ప్రివ్యూని అద్దంలా తిప్పి చూపిస్తాయి. సేవ్ అయ్యే వీడియో కొన్ని ఫోన్లలో తిరిగి ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. తబలా నేర్చుకునేవాడికైనా ఇది ఇబ్బందే, డప్పుకి ఇంకా పెద్దది. ఎందుకంటే సిర్ర ఏ చేతిలో, పుల్ల ఏ చేతిలో అన్నదే మొదటి పాఠం. కుడి చేతికి ఎర్ర దారం కట్టుకొని మొదలుపెట్టమని మామకి చెప్పా. "పెండ్లికొడుకు లెక్క కంకణమా నాకు" అని నవ్వారు గానీ కట్టుకున్నారు.

యూట్యూబ్‌లో వేగం 0.5కి తగ్గించి చూడటం గురించి ఒక మాట. స్వరం మారకుండా శబ్దాన్ని సాగదీయడం వల్ల దెబ్బ మొదలు మెత్తబడి, ఒక్కోసారి రెండుగా వినబడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, వేగంగా వాయించేటప్పుడు పుల్ల తోలు మీద ఎగిరిపడటాన్ని చెయ్యి వాడుకుంటుంది. నిదానంగా వాయించేటప్పుడు ఆ ఎగురు ఉండదు, ప్రతి దెబ్బని చెయ్యే ఎత్తాలి. వేగం వీడియోని సాగదీసి చూస్తే నిదానం ఎలా వాయించాలో రాదు. గురువునే రెండు వేగాల్లో వాయించమని అడగండి.

కలిసి వాయించడం కుదరదు

కాల్‌లో ఇద్దరం జతగా వాయిద్దామని మేం చాలా తిప్పలు పడ్డాం. మీరూ పడొద్దు. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మీటర్‌కి 3 మిల్లీసెకన్లు. మేళంలో పది మీటర్ల దూరంలో ఉన్నవాడి దెబ్బ మీకు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అక్కడిదాకా మనుషులు సర్దుకుంటారు. ఫోన్ సంభాషణ ఇబ్బంది లేకుండా సాగడానికి ఐటీయూ ప్రమాణం చెప్పే హద్దు ఒక వైపుకి 150 మిల్లీసెకన్లు. గాలిలో లెక్క వేస్తే అది 50 మీటర్ల దూరం. అంటే మాటకి బాగానే ఉందనిపించే కాల్‌లో కూడా మీ జతగాడు ఊరేగింపు తోక దగ్గర ఉన్నట్టు. మీరు ఆయన కోసం ఆగుతారు, ఆయన మీ కోసం ఆగుతారు, నిమిషంలో దరువు ముసలి నడకకి వస్తుంది. జామ్యులస్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌లు ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి గానీ వాటికి మంచి వైర్డ్ నెట్, ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ఊళ్లో మొబైల్ డేటా మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా పక్కన పెట్టండి. వాటిల్లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. పాఠం విని దానితో పాటు వాయించుకోవడానికి ఇబ్బంది లేదు, వినేదే ఆలస్యం కాబట్టి మీరూ దానితోనే ఉంటారు. కానీ పాఠం వింటూ మీ వాయింపుని రికార్డ్ చేసి రెండూ కలిపితే మాత్రం ఒక దెబ్బ మొత్తం పక్కకి జరిగినట్టు వస్తుంది. నిమిషానికి 120 లెక్కలో సగం మాత్ర అంటే 250 మిల్లీసెకన్లే మరి. వంద రూపాయల వైర్ ఇయర్‌ఫోన్ ఇక్కడ గెలుస్తుంది.

ఫోన్‌కి తెలిసింది నోరే

ఇన్ని సెట్టింగ్‌లు మార్చాక బాగా పని చేసిన ఉపాయం మాత్రం మామదే. ఒక రోజు నెట్ బాగా లేక విసిగిపోయి ఆయన డప్పు పక్కన పెట్టి, దరువుని నోటితో చెప్పడం మొదలుపెట్టారు. సిర్రకి ఒక అక్షరం, పుల్లకి ఒక అక్షరం. ఆశ్చర్యం, ప్రతి అక్షరం స్పష్టంగా వచ్చింది! ఆలోచిస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. కాల్ యాప్ తయారైందే నోటి మాట కోసం. డప్పును చెత్త అనుకునే అదే నాయిస్ సప్రెషన్, "జ, న, క" అంటే జాగ్రత్తగా మోసుకొస్తుంది. తబలాకి బోల్స్, మృదంగానికి సొల్లుకట్టు ఉన్నట్టే మన డప్పుకి కూడా నోటి లెక్క ఉంది, పెద్దవాళ్లు పిల్లలకి అట్లనే చెప్పేవాళ్లట.

ఇప్పుడు మా క్లాసు ఇలా నడుస్తుంది. కాల్‌లో ముందు నోటితో ఆయన చెప్తారు, నేను నోటితోనే తిరిగి చెప్తా. తప్పులు అక్కడే దొరుకుతాయి. తర్వాత కాల్ కట్ చేసి, నేను వాయించి మామూలు రికార్డర్‌లో రికార్డ్ చేసి ఫైల్ పంపుతా. ఆయన విని జవాబు వాయిస్ మెసేజ్‌లో పెడతారు. లైవ్ కాదు, కానీ రెండు చేతులూ వినబడుతున్నాయి.

ఆదిలాబాద్ వైపు సంగతి వేరు

ఉట్నూరు, నార్నూరు, జైనూరు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, గుట్ట దాటితే సిగ్నల్ ఉంటుందో లేదో చెప్పలేం. అక్కడ వీడియో పాఠం అంటే డేటా లెక్క చూసుకోవాలి. ఫుల్ హెచ్‌డీలో ఒక నిమిషం వీడియో వంద ఎంబీ దాకా పోవచ్చు. 128 కేబీపీఎస్‌లో ఆడియో మాత్రమే అయితే నిమిషానికి దాదాపు 1 ఎంబీ. కాబట్టి చెయ్యి చూపించే స్లో క్లిప్ ఒకటి, పది సెకన్లది. మిగతాదంతా ఆడియో. వాట్సాప్‌లో వీడియోగా కాకుండా "డాక్యుమెంట్"గా పంపితే కుదించకుండా పోతుంది, 2 జీబీ దాకా పంపొచ్చు. అంత నెట్ లేకపోతే సంత రోజు కలిసినప్పుడు క్విక్ షేర్‌లో పంపుకోవడమే మేలు.

అక్కడి వాయిద్యాలు కూడా వేరు. దీపావళి సమయంలో రాజ్ గోండుల దండారీలో గుస్సాడీ ఆటకి డప్పుతో పాటు తుడుం, గుమేలా, డోల్, పెప్రె మోగుతాయి. తుడుం ఎంత ముఖ్యమంటే ఆదివాసీ హక్కుల పోరాట సమితికి జనం వాడే పేరే తుడుం దెబ్బ. గుస్సాడీని బయటి ప్రపంచానికి చూపించిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకోవాలంటే మనిషి ఎదురుగా ఉండాలి, ఇప్పుడు ఆ అవకాశం లేదు. అందుకే వీడియోలు కావాలి అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. దండారీ మొదలయ్యే ముందు వాయిద్యాలకి పూజ చేస్తారు. అవి ఎప్పుడు పడితే అప్పుడు, కెమెరా కోసం మోగించేవి కావు. ఏది తీయొచ్చు, ఏది ఊళ్లోనే ఉండాలి అన్నది ఊరి పెద్దల్ని అడిగి తెలుసుకోండి. ట్రైపాడ్ పెట్టేముందు అడగండి, పెట్టాక కాదు.

పాఠాలు గోండిలో చేసేవాళ్లకి ఒక ఉపయోగపడే సంగతి. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. గూగుల్ నోటో ఫాంట్ కూడా ఉంది. అంటే దెబ్బల పేర్లని సబ్‌టైటిల్‌గా ఆ లిపిలోనే రాసుకోవచ్చు.

చెవులు జాగ్రత్త

చిన్న గదిలో గంటలు గంటలు సాధన చేసేవాళ్ల కోసం. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చని అమెరికాలోని నైయాష్ సంస్థ చెప్పే హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 100కి చేరితే 15 నిమిషాలే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ఒకసారి మీ గది చూసుకోండి, అంకె పక్కాగా రాకపోయినా అంచనా వస్తుంది. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ధర ఒక చాయ్ బిస్కెట్ అంత. అపార్ట్‌మెంట్‌లో అయితే తోలు మీద పాత టవల్ కప్పండి. పక్క ఫ్లాట్ ఆంటీ మా వాచ్‌మన్‌తో రెండుసార్లు కబురు పంపాక నేర్చుకున్న పాఠం ఇది.

వానాకాలంలో తోలు మెత్తబడి దెబ్బ పలకదు, మంట దగ్గర కాపాలి. హైదరాబాద్ ఫ్లాట్‌లో అది కుదరదు కాబట్టి నేను బోల్టులు బిగించే ఫైబర్ డప్పు వాడుతున్నా. మామకి అది నచ్చదు. "డబ్బా" అంటారు. రికార్డింగ్‌లో నిజంగానే తేడా తెలుస్తుంది. పాఠం తీసేవాళ్లు తోలు డప్పుతోనే తీయండి.

పాత వీడియోలు మూడింటినీ తీసేశా. కామెంట్లలో "ఎందుకు తీసేశారు" అని అడిగినవాళ్లకి ఈ ఆర్టికలే జవాబు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ వచ్చాక, మామ వాకిట్లో మూడు మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి అన్నీ మళ్లీ తీశాం. ముందు నోటితో, తర్వాత నిదానంగా, తర్వాత పూర్తి వేగంలో, చివర ఎడమ చెయ్యి ఒక్కటే. ఛానెల్ కూడా ఇప్పుడు మామ పేరు మీదే, ఆయన మనవడి ఫోన్ నంబర్‌తో ఉంది. ఎప్పుడన్నా రూపాయి వస్తే అది ఆయనకే పోవాలి.

మొదటి ఫైల్‌ని జన్నారం పిల్లాడికి పంపించాం. పది రోజులకి వాడు ఆడియో పంపాడు. మామ ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు విన్నారు. తర్వాత మైక్ బటన్ నొక్కి, "ఒరేయ్, ఇప్పుడు ఎడమ చెయ్యే ఇనబడ్తున్నది. కుడి చెయ్యేదిరా?" అన్నారు.